చావకూడని మొక్క

డ్రైవింగ్ స్కూలు కారులో బ్రేకులు రెండు చోట్ల ఉంటాయి, ఒకటి నడిపేవాళ్ళ కాలి కింద, ఇంకొకటి నేర్పేవాళ్ళ కాలి కింద. ఇవాళ నేర్పే టీచరే స్టీరింగ్ పట్టుకుంది కాబట్టి రెండో బ్రేకు డిటెక్టివ్ పాలబడింది. బయలుదేరినప్పటి నుంచి ఆమె దాన్ని తొక్కని మలుపు లేదు.

"మేడమ్, మీరలా తొక్కుతుంటే మనం పొలం చేరం."

"నువ్విలా నడిపితే చేరతాం. కానీ దిగేది మనం కాదు, దండలు వేసిన మన ఫొటోలు."

మామూలు రోజయితే టీచరు నవ్వేదే. ముప్పై ఏళ్ళ పిల్ల, నవ్వుమొహం. నిన్న పొద్దుటి నుంచి ఆ మొహంలో నెత్తురు లేదు. మొగుడు ఆసుపత్రిలో ఉన్నాడు, ఊపిరి అందడం లేదు, ఏ విషం లోపలికి పోయిందో ఎవరికీ తెలియదు. ఆయన తాగిన మందు డబ్బా మీద ఒక పేరుంది. డాక్టర్లు ఆ పేరు చూసే వైద్యం చేస్తున్నారు. వైద్యానికి మనిషి లొంగడం లేదు. పొద్దున వార్డు బయట డ్యూటీ డాక్టరు తనలో తాను అనుకున్నట్టుగా ఒక మాట అన్నాడు. "ఆ మందుకి నోరు ఇలా పొక్కదే!" ఆ ఒక్క మాట పట్టుకుని టీచరు పరుగున వచ్చి డిటెక్టివ్ ఇంటి తలుపు బాదింది.

డిటెక్టివ్ వయసు యాభై రెండు. ఇరవై ఏళ్ళు బీమా కంపెనీలో సర్వేయరుగా చేసి, కాలిన గోడౌన్లూ మునిగిన పంటలూ చూసి చూసి, అబద్ధం ఏ మూల దాక్కుంటుందో పసిగట్టడం అలవాటు చేసుకుంది. ఓపిక మాత్రం అలవాటు కాలేదు. ఎవరైనా కథ మొదటి నుంచి చెప్పబోతే ఆమెకు ఒళ్ళు మండుతుంది. అయినా దారిపొడుగునా టీచరు చెప్పింది నోరు మూసుకుని విన్నది.

గుక్కబాబు కథ అది. టీచరు భర్తని అందరూ అలాగే పిలుస్తారు. ఆయన పనిచేసే విత్తనాల కంపెనీ కొత్త రకం మొక్కజొన్న తయారు చేసింది. గ్లైఫోసేట్ అనే కలుపుమందు కొడితే చుట్టూ ఉన్న కలుపంతా చస్తుంది, ఈ మొక్కజొన్న చావదు. దాని జన్యువుల్లోనే ఆ ఏర్పాటు చేశారు. అమ్ముకోవాలంటే ప్రభుత్వ నియంత్రణ సంస్థ అనుమతి కావాలి. ఏడేళ్ళుగా నలుగుతున్న ఆ వ్యవహారాన్ని ఇవాళ సాయంత్రం నాలుగింటికి కమిటీ తేల్చబోతోంది. జనానికి భయం పోగొట్టడమే గుక్కబాబు ఉద్యోగం. దానికాయన దగ్గర ఒక విద్య ఉంది. గ్లాసుడు నీళ్ళలో మూతెడు కలుపుమందు కలిపి, అందరూ చూస్తుండగా ఒక గుక్క తాగి, మిగిలింది ఎదురుగా ఉన్న మొక్కల మీదకి విసిరేవాడు. "నాకూ ఏం కాలేదు, దీనికీ ఏం కాలేదు! ఇంక మీకెందుకండీ భయం?" అనేవాడు. ఇదేం పిచ్చి ధైర్యమయ్యా, విషంతో ఆటలేంటి అని సైంటిస్టులు మొత్తుకున్నారు. కంపెనీ మాత్రం ఔననలేదు, కాదనలేదు, చప్పట్లు వినిపించినంతకాలం చూసీ చూడనట్టు ఊరుకుంది.

నిన్న పొద్దున కమిటీ సభ్యులు నలుగురు పొలం చూడ్డానికి వచ్చారు. గుక్కబాబు గుక్క తాగాడు, గ్లాసు విసిరాడు, మాట పూర్తికాకముందే నోరు పట్టుకుని కూలబడ్డాడు.

"ఆయన తాగింది గ్లైఫోసేట్ కాదంటావు" అంది డిటెక్టివ్.

"నాకు తెలీదు మేడమ్. ఏం తాగాడో తెలిస్తే బతికించుకోవచ్చట. సాయంత్రం దాటాక తెలిసినా లాభం లేదన్నాడు డాక్టరు." టీచరు గేరు మార్చింది. "అది తప్ప నాకింకేం వద్దు. ఎవరు చేశారు, ఎందుకు చేశారు, అదంతా తర్వాత."

"డబ్బా ఎక్కడుంది?"

"పోలీసులు తీసుకెళ్ళారు. ల్యాబుకి పంపారట. వారం పడుతుందట."

డిటెక్టివ్ ఈసారి బ్రేకు తొక్కలేదు. "ఇంకాస్త తొందరగా పోనీ" అంది.

ప్రయోగపు పొలానికి రెండు కంచెలు, రెండు గేట్లు. మొదటి గేటు దగ్గర నియంత్రణ సంస్థ బోర్డు, దాని మీద బారెడు నిబంధనలు. సొంత చెప్పులు విప్పి పొలం వాళ్ళ రబ్బరు బూట్లు వేసుకోవాలి. తిరిగి వచ్చేటప్పుడు బట్టలు దులుపుకుని, జేబులు తిరగేసి చూపించాలి. ఒక్క గింజ బయటికి పోకూడదు. లోపల ప్రతి మొక్కకీ నంబరు చీటీ కట్టి ఉంటుంది. నియంత్రణ సంస్థ పర్యవేక్షకురాలు ఎదురుగా ఉంటే తప్ప ఒక్క మొక్కని కూడా పీకకూడదు. ఆ పర్యవేక్షకురాలిని డిటెక్టివ్ దారిలోనే ఫోనులో పట్టుకుంది. ఆవిడ లోపలికి వెళ్ళడానికి ఒప్పుకుంటూనే, ఆకు కూడా తుంచొద్దని మూడుసార్లు చెప్పింది.

రెండో గేటుకి అడ్డంగా పసుపు రంగు పోలీసు టేపు, టేపుకి అడ్డంగా ఇన్‌స్పెక్టరు. ఆరడుగుల మనిషి. డిటెక్టివ్‌కి స్వయానా మరిది.

"నమస్కారం మేడమ్" అన్నాడు ఇన్‌స్పెక్టరు, కానిస్టేబుళ్ళు వింటున్నారు కాబట్టి. "ఇది పోలీసుల అధీనంలో ఉన్న స్థలం. మీరు లోపలికి రావడానికి వీల్లేదు."

"బూటు సైజు ఎంతుందో చూడరా అబ్బాయ్, నా పాదం పట్టట్లేదు" అంది డిటెక్టివ్, పక్కనున్న కానిస్టేబులుతో.

"వదినా!" మర్యాద అప్పుడే ఆవిరైపోయింది. "అది పోలీసు టేపు. నువ్వు బట్టలారేసుకునే తాడు కాదు, ఎత్తుకుని దూరిపోడానికి."

"నువ్వు కట్టిన ముడికి బట్టలు కూడా ఆగవు మరిదీ."

కానిస్టేబులు దగ్గు వచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"చూడు, ఇక్కడ నేను ఇన్‌స్పెక్టర్ని."

"నేను మీ అన్నయ్య పెళ్ళాన్ని. ఇద్దరివీ కష్టమైన ఉద్యోగాలే. పక్కకి జరుగు. లోపలికి వెళ్ళమని నియంత్రణ సంస్థే చెప్పింది, కావాలంటే ఫోన్ చేసుకో."

ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించాడు. "ఇందులో కేసే లేదు వదినా. ఆయన రోజూ తాగే మందే తాగాడు. ఆయనకి ముందు నుంచీ ఉబ్బసం ఉంది, అది తిరగబెట్టింది. పాపం, ప్రమాదం. నాలుగింటి దాకా ఇక్కడ గొడవ చేయొద్దని పైనుంచి కూడా చెప్పారు. నువ్వొచ్చి గెలకడం దేనికి?"

"ఉబ్బసమా?" టీచరు కారు తలుపు వేయడం కూడా మరిచిపోయి వచ్చింది. "మా ఆయనకా? నాలుగంతస్తులు ఈల వేసుకుంటూ ఎక్కుతాడండీ! ఆయనకి ఉబ్బసం ఉందని ఎవరు చెప్పారు మీకు?"

"ఆసుపత్రి వాళ్ళే రాశారమ్మా."

ఆ మాట డిటెక్టివ్‌కి గోరుచుట్టులా సలిపింది. కానీ ఇప్పుడు ఆసుపత్రి కన్నా పొలమే ముందు. టేపు ఎత్తి లోపలికి దూరింది.

మొక్కజొన్న మోకాలి దాకా పెరిగి ఉంది. సాళ్ళ మధ్య నేల తుడిచినట్టు శుభ్రంగా ఉంది, ఒక్క గడ్డిపోచ లేదు. నిన్న సభ జరిగిన చోట బల్ల ఇంకా అలాగే ఉంది. ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిలో ఒకటి దూర్చి షెడ్డు పక్కన పేర్చారు. టెంటు గుంజలూ తాళ్ళూ కట్టలు కట్టి కుర్చీల పక్కన పెట్టారు. టెంటు గుడ్డ మాత్రం అక్కడ లేదు.

"మీ ఆయన ఎక్కడ నిలబడతాడు?"

టీచరు ఈ తంతు చాలాసార్లు చూసింది. బల్లకి ఎడమ పక్కన నిలబడింది. గ్లాసు పట్టుకున్నట్టు చెయ్యి లేపి, గుక్క మింగినట్టు తల వెనక్కి వాల్చి, మిగిలింది విసిరినట్టు చెయ్యి ఊపింది. ఊపుతుండగానే ఏడుపు వచ్చేసింది. చెయ్యి చూపించిన వైపు మొదటి సాలు మీద కుప్పగా పడి ఉంది టెంటు గుడ్డ.

"అబ్బాయ్, ఆ గుడ్డ ఇక్కడ ఎవరు పడేశారు?"

గేటు దగ్గర కాపలావాడు తల గోక్కున్నాడు. "నిన్న సాయంత్రం పోలీసు సార్లు వెళ్ళాక మేనేజరుగారే టెంటు విప్పించారండీ. అది మాత్రం తర్వాత తీద్దాంలే అన్నారు."

"విన్నావా మరిదీ? ఆకు తుంచితేనే అనుమతి పోయే పొలం ఇది. ఇక్కడ మేనేజరు మొక్కల మీద టెంటు గుడ్డ పడేశాడు. గుంజలు తీసుకెళ్ళి షెడ్డు పక్కన పెట్టడానికి ఓపికుంది, గుడ్డకి లేదా?"

"కంగారులో పడేసి ఉంటాడు."

"కంగారెందుకట? ప్రమాదమే కదా!"

ఇన్‌స్పెక్టరు కానిస్టేబుళ్ళకి సైగ చేశాడు. కానిస్టేబుళ్ళిద్దరూ గుడ్డని చెరో కొసా పట్టి ఎత్తారు. కింద ఏడెనిమిది మొక్కలు నడుం వంగి పడున్నాయి. బరువుకి నలిగాయి కానీ పచ్చగానే ఉన్నాయి. వాటి మధ్యలో మూడు మాత్రం ఎండుటాకుల్లా మాడిపోయాయి. వాటి పక్కనున్న రెంటి ఆకుల మీద చుక్కలు చుక్కలుగా గోధుమరంగు మచ్చలు. నీళ్ళు చిందితే ఎలా పడతాయో అచ్చం అలాగే.

డిటెక్టివ్ మోకాళ్ళ నొప్పి మరిచి కింద కూర్చుంది. చెయ్యి మాత్రం వెనక్కి కట్టుకుంది, ఆకు తగలకుండా.

"ఏముంది అక్కడ?" ఇన్‌స్పెక్టరు వంగి చూసి పెదవి విరిచాడు. "కలుపుమందు పడింది, మొక్కలు మాడాయి. దీనికింత హంగామానా!"

"ఇంకోసారి అను."

"కలుపుమందు పడింది, మొక్కలు మాడాయి."

"మెల్లగా అను. ఏ మొక్కలు?"

"కలుపుమందు పడింది, ఈ మొక్క..." ఇన్‌స్పెక్టరు నోరు అలాగే ఉండిపోయింది. అతనేం తెలివితక్కువవాడు కాదు. తెలివిని ఇంటి దగ్గర పెట్టి డ్యూటీకి వస్తాడని మాత్రం అతని వదిన ఎప్పుడూ అంటుంటుంది.

"అదీ! ఈ మందుకి చావకపోవడమే ఈ మొక్క గొప్ప. ఏడేళ్ళుగా ప్రభుత్వం, కమిటీ, కోర్టులు కొట్టుకుంటున్నది దీని గురించే. అసలు గ్లైఫోసేట్ పడితే మామూలు గడ్డి కూడా పసుపెక్కడానికి వారం తీసుకుంటుంది. ఇవి ఒక్క రోజులో మాడిపోయాయి. నువ్వు నిన్న ఇక్కడే నిలబడి పంచనామా రాశావు. మందు పక్కన చచ్చిన మొక్క కనిపిస్తే సహజమే కదా అనుకున్నావు. వేరే ఏ పొలంలోనైనా అది సహజమే."

"టెంటు వేడికి మాడి ఉండొచ్చు" అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఓడిపోతున్నవాడు ఆఖరి ముక్క వేసినట్టు.

"అదే గుడ్డ కింద ఉన్న మిగతావి మాడలేదేం?"

టీచరు ఇదంతా వింటూ కాలుకాలిన పిల్లిలా తిరుగుతోంది. చేతిలో ఫోను మోగింది. ఎత్తి, రెండు మాటలు మాట్లాడి పెట్టేసింది. "కంపెనీ డాక్టరు. మా ఆయనకి చిన్నప్పటి నేస్తం, నాకు అన్నయ్య లాంటివాడు. ఆయన పక్కనే ఉన్నాడు, కంగారు పడొద్దంటున్నాడు. మేడమ్, మొక్కల సంగతి సరే. ఏ మందో తెలిసిందా?"

"ఏది కాదో తెలిసింది. ఏదో చెప్పే మనిషి అడుగో వస్తున్నాడు."

షెడ్డు వైపు నుంచి ఫారం మేనేజరు వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఎత్తిపెట్టిన టెంటు గుడ్డని చూసి నడక నెమ్మదించాడు. అంతదూరం వచ్చినవాడు వెనక్కి తిరగలేక ముందుకే వచ్చాడు.

"మీ మందుల గది చూడాలండీ" అంది డిటెక్టివ్, చాలా మర్యాదగా. ఆమె మర్యాదగా మాట్లాడితే ఏదో మూడిందని ఇన్‌స్పెక్టరుకి తెలుసు. మారు మాట్లాడకుండా వెంట నడిచాడు.

మందుల గది ఇరుకుగా ఉంది. అరలో గ్లైఫోసేట్ డబ్బాలు వరసగా ఉన్నాయి, అన్నిటి మీదా ఒకే పేరు. మూల కొక్కేనికి స్ప్రేయర్లు. డిటెక్టివ్ వాటిని ఒక్కొక్కటే చూసుకుంటూ పోయి, ఒకదాని దగ్గర ఆగింది. దాని నాజిల్‌కి ప్లాస్టిక్ డబ్బా కోసి చేసిన గొడుగు లాంటిది తొడిగి, తీగతో బిగించి కట్టారు.

"ఇదెందుకండీ?"

"మందు పక్కలకి ఎగరకుండా."

"పక్కనేముంది?"

"పంట."

"పంట మీద పడితే ఏమవుతుంది?"

మేనేజరు జేబులోని పెన్ను తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"చెప్పండి. మందు మీద పడినా ఏమీ కాని పంట కదా మీది. వాన నుంచి చేపని కాపాడటానికి గొడుగు పట్టారెందుకు?"

"అది... పాతది. వేరే పొలం నుంచి తెచ్చాం."

"తీగ ఇంకా మెరుస్తోంది" అన్నాడు ఇన్‌స్పెక్టరు హఠాత్తుగా. తన గొంతు తనకే కొత్తగా వినిపించినట్టు వదిన వైపు చూశాడు. డిటెక్టివ్ అతనికి ఎప్పుడూ ఇవ్వనిది, ఒక మెచ్చుకోలు చూపు ఇచ్చింది.

మేనేజరు చొక్కా సర్దుకున్నాడు. "మీరేం ఊహించుకుంటున్నారో నాకు తెలీదు. ఆ డబ్బాలో ఉన్నది గ్లైఫోసేటే. ల్యాబు రిపోర్టు రానివ్వండి, మీకే తెలుస్తుంది."

"అలాగే. ఆ డబ్బాలోది గ్లైఫోసేటే అనుకుందాం." డిటెక్టివ్ అక్కడున్న స్టూలు లాక్కుని కూర్చుంది. "అయితే బయట మీ మొక్కలు మూడు దానికి చచ్చాయి. అంటే మీ పంట ఉత్త బూటకం. ఏడేళ్ళు మీరు పెంచింది మామూలు మొక్కజొన్న. నియంత్రణ సంస్థని మోసం చేశారు, కమిటీని మోసం చేశారు." ఫోను తీసింది. "పర్యవేక్షకురాలు ఇప్పుడు కమిటీ హాల్లోనే ఉంది. చచ్చిన మొక్కల ఫొటో పంపిస్తాను. పంట పనికిరాదని మేనేజరుగారే ఒప్పుకున్నారని చెప్తాను. సరేనా?"

"పంట పనికిరాదా?" మేనేజరు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "ఎవరండీ ఆ మాట అనేది? ప్రతి మొక్కా నా చేతుల మీద పెరిగింది! డ్రమ్ములు డ్రమ్ములు కొట్టాం, ఒక్క ఆకు పసుపెక్కలేదు! నా పంటలో ఏ లోపమూ లేదు!"

"అయితే మందులోనే లోపం."

డిటెక్టివ్ ఫోను ఒళ్ళో పెట్టుకుంది.

"రెండూ నిజం కావడానికి వీల్లేదు మేనేజరుగారూ. పంట మంచిదైతే మందు వేరు. మందు అదే అయితే పంట దొంగది. ఏదో ఒకటి మీరే తేల్చండి. త్వరగా తేల్చండి, అక్కడ మనిషి పోతున్నాడు."

మేనేజరు టీచరు వైపు చూశాడు. టీచరు చేతులు జోడించలేదు, కాళ్ళ మీద పడలేదు. మొహంలో మొహం పెట్టి అడిగింది. "సార్, మీరు మా ఇంట్లో అన్నం తిన్నారు. ఆయన మిమ్మల్ని బావా అని పిలుస్తాడు. ఏం తాగాడో చెప్పండి. కేసు పెట్టను, ఎవరితోనూ అనను. పేరు చెప్పండి చాలు."

ఆ మనిషి ఇస్త్రీ అంతా ఒక్కసారిగా నలిగిపోయింది. గోడకి ఆనుకుని కూలబడ్డాడు.

"కలుపు చావడం మానేసిందమ్మా" అన్నాడు. "రెండేళ్ళుగా ఇదే గొడవ. ఒకే మందు కొట్టీ కొట్టీ కలుపు కూడా దానికి అలవాటు పడిపోయింది. పంటా చావదు, కలుపూ చావదు. ఒక్క మందుతో చేను శుభ్రం అని కమిటీకి చెప్పుకున్నాం. వాళ్ళొచ్చేసరికి చేను అడవిలా ఉంటే ఏడేళ్ళూ గంగపాలు. పైవాళ్ళు ఏం చేస్తావో తెలీదు, శుభ్రంగా ఉండాలన్నారు. అందుకని వేరే మందు తెచ్చి, సాళ్ళ మధ్య మాత్రం పడేలా గొడుగు కట్టి కొట్టించాను. పర్యవేక్షకురాలు ఈ అర తనిఖీ చేస్తుంది కదా, కొత్త డబ్బా కనిపిస్తే ప్రయోగం రద్దయిపోతుంది. అందుకే పాత డబ్బాలో పోసి పెట్టాను. కొంచెం మిగిలింది. పారబోద్దామనుకున్నాను. నిన్న మీ ఆయన నన్ను అడక్కుండానే అరలోంచి చేతికి అందిన డబ్బా పట్టుకెళ్ళాడు. నేను వచ్చి చూసేసరికి..."

"పేరు!" డిటెక్టివ్ అరిచింది.

"పారాక్వాట్. దొంగ సరుకు. గుర్తుపట్టడానికి కలిపే రంగూ, వాసనా కూడా లేనిది."

డిటెక్టివ్ అప్పటికే ఆసుపత్రికి ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. డ్యూటీ డాక్టరు ఎత్తాడు. ఆ పేరు వినగానే అటు వైపు ఏదో కిందపడిన చప్పుడు.

"అలాగైతే నోరు పొక్కడానికి అర్థం ఉంది. ఒక్క నిమిషం! మూత్రం నమూనా ఇక్కడే ఉంది. దీన్లో ఒక పొడి కలిపితే తెలిసిపోతుంది. నేను కింద ల్యాబులోనే ఉన్నాను."

నిమిషం గడిచింది. టీచరు తలుపు రెక్క పట్టుకుని నిలబడింది. ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నీలం" అన్నాడు డాక్టరు. "నీలం రంగు వచ్చింది. పారాక్వాటే. రంగు మరీ ముదురుగా లేదు. ఒక గుక్కే, అదీ నీళ్ళలో కలిపింది కాబట్టి ఇంకా అవకాశం ఉందండీ. రక్తం శుద్ధి చేసే మెషీనుకి ఇప్పుడే చెప్తాను. అన్నిటికన్నా ముందు ఆక్సిజన్ తీసేయాలి!"

"ఆక్సిజనా? తీసేస్తే ఎలా?" టీచరు బెదిరిపోయింది.

"ఈ విషం ఊపిరితిత్తుల్లో చేరాక అవసరానికి మించి ఆక్సిజన్ ఇస్తే దానికి మనమే బలం పోసినట్టమ్మా. లోపలంతా కాలిపోతుంది. ఆయనకి అంత అవసరం కూడా లేదు. ఉబ్బసం రోగి, ఎక్కువ పెట్టండి అంటే పెట్టాం."

"ఆయనకి ఉబ్బసం లేదు" అంది డిటెక్టివ్. "ఎవరు చెప్పారు మీకు?"

"మీ కంపెనీ డాక్టరుగారే. పాత రికార్డులన్నీ తన దగ్గరున్నాయన్నారు. పొద్దున నేను తగ్గిద్దామంటే కూడా వద్దని ఆయనే పెంచారు."

కూలబడ్డ మేనేజరు మెల్లగా తలెత్తాడు. ఆ మొహం చూసి డిటెక్టివ్ స్టూలు మీంచి లేచింది.

"మీరు ఎవరికైనా చెప్పారా?" అని అడిగింది. "డబ్బాలో ఏముందో నిన్నే ఎవరికైనా చెప్పారా?"

"భయమేసి... నిన్న సాయంత్రం చెప్పేశాను. వైద్యం మారుస్తారని, బతికిస్తారని చెప్పాను. ఒక్కరికే." మేనేజరు మళ్ళీ తల దించుకున్నాడు. "కంపెనీ డాక్టరుకి. నేను చూసుకుంటాను, నువ్వు ఎవరితోనూ అనకు అన్నాడు."

తెలిసి చేస్తున్నాడు. పేరు తెలుసు, ఆక్సిజన్ ఏం చేస్తుందో తెలుసు. ఉబ్బసం రోగి ఉబ్బసంతో పోయాడంటే కమిటీకి అనుమానం రాదు, నాలుగింటికి సంతకాలు అయిపోతాయి. నిన్న పొద్దున ప్రమాదం. నిన్న సాయంత్రం నుంచి హత్య. అది ఇంకా జరుగుతూనే ఉంది.

"డాక్టర్, పరిగెత్తండి!" అని డిటెక్టివ్ ఫోనులోకి అరిచింది. "ఇప్పుడే పైకి వెళ్ళి ఆ మాస్కు తీయండి. ఆ మనిషిని దగ్గరికి రానివ్వకండి!"

మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. లిఫ్టు కోసం ఆగలేదు. ఇన్‌స్పెక్టరు బయటికి దూకి వైర్‌లెస్‌లో ఆసుపత్రి అవుట్‌పోస్టుని పిలుస్తున్నాడు. వదినని అడగలేదు, ఎవరి అనుమతీ అడగలేదు.

ఈలోగా టీచరు తన ఫోనులో మొగుడి నంబరు నొక్కేసింది. డిటెక్టివ్ ఆపబోయింది. టీచరు చెయ్యి అడ్డం పెట్టి వద్దంది. రెండో రింగుకే అటువైపు ఎత్తారు.

"చెల్లెమ్మా, నేనే. చెప్పమ్మా." కంపెనీ డాక్టరుది, చాలా ప్రేమగల గొంతు.

టీచరు కళ్ళు తుడుచుకుని గొంతు సవరించుకుంది. మొదటిసారి స్టీరింగ్ పట్టి వణికేవాళ్ళతో మాట్లాడే నెమ్మది ఎక్కడి నుంచో తెచ్చుకుంది. "అన్నయ్యా, ఆయన్ని ఒక్కసారి చూడాలనిపిస్తోంది. వీడియోలో చూపించవా? మాస్కు అడ్డమొస్తుంది, కాస్త తీసి చూపించు. ఒక్క నిమిషం. మొహం చూసుకుంటాను."

"తప్పమ్మా. తీస్తే ఊపిరాడదు."

"ఒక్క నిమిషమే అన్నయ్యా. నీకు దణ్ణం పెడతాను."

"నా మాట విను తల్లీ. అది జారకుండా నేనే చేత్తో పట్టుకుని కూర్చున్నాను. నువ్వు నిశ్చింతగా ఉండు."

టీచరు ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది. కన్నీళ్ళు చెంపల మీదుగా కారుతున్నా గొంతు మాత్రం మారనివ్వలేదు. వాళ్ళిద్దరి చిన్నప్పటి కబుర్లేవో అడగడం మొదలుపెట్టింది, ఆ మనిషిని మాటల్లో పెట్టడానికి.

డిటెక్టివ్ చేతిలో ఉన్న ఫోనులో పరుగు ఆగింది. డ్యూటీ డాక్టరు ఆయాసం, తర్వాత తలుపు మీద చరుస్తున్న చప్పుడు. అదే చప్పుడు టీచరు ఫోనులోంచి కూడా వచ్చింది. ప్రేమగల గొంతు మాట మధ్యలో తెగిపోయింది.

"మేడమ్" అన్నాడు డ్యూటీ డాక్టరు రొప్పుతూ, "తలుపు లోపల గడియ పెట్టి ఉంది."